వెబ్ అప్లికేషను: కట్టుటయు, తెఱచుటయు

మేమిరువురము ఈ పాఠశాలయందే ఆఱవ తరగతి మొదలు పదవ తరగతి వఱకు ఒకే బల్లపై కూర్చుండి చదువుకొన్నవారము. ఇప్పుడు హైదరాబాదు నగరమున సాఫ్ట్‌వేరు పని చేయుచున్నాము. సెలవులకు ఊరికి వచ్చినప్పుడెల్ల పెద్దలు మమ్ము అడుగు ప్రశ్న యొక్కటే: "ఏమి పని నాయనా మీరు చేసేది?" "కంప్యూటరు పని" యని చెప్పి తప్పించుకొనుట మాకు అలవాటైనది. వడ్రంగి తాను చేసిన తలుపును చూపగలడు. రైతు తన చేనును చూపగలడు. మాకు చూపుటకు చేతిలోని ఫోను తప్ప మఱేమియు లేదు. ఈ సంవత్సరము పత్రికకు సంపాదకులైన మా పూర్వోపాధ్యాయులు ఆ పనినే విద్యార్థులకును వారి తలిదండ్రులకును తెలియునట్లు వ్రాయుడని ఆజ్ఞాపించుటచే, ఇక తప్పించుకొనుటకు వీలు లేకపోయినది.

మొదట వెబ్ అప్లికేషనన నేమి? చదువుటకు మాత్రమే పనికివచ్చు పుట యొకటి. మనము చెప్పినది విని, దాచి, లెక్కచూచి, బదులు చెప్పు పుట మఱియొకటి. మొదటిది గోడకు అంటించిన ప్రకటనవంటిది. రెండవది గుమాస్తా కూర్చున్న కచేరీ కిటికీవంటిది. ఈ రెండవదానినే వెబ్ అప్లికేషను అందురు. పూర్వము రైలు టిక్కెట్టు కొనవలెనన్న తెల్లవాఱకమున్నే స్టేషనుకు పోయి వరుసలో నిలువవలసి యుండెడిది. 2002వ సంవత్సరమున రైలు టిక్కెట్లను ఇంటర్నెట్టు ద్వారా అమ్ముట మొదలైన తరువాత ఆ కిటికీయే మన యింటికి నడచివచ్చినది. పరీక్షాఫలితములు చూచుకొనుట, కరెంటు బిల్లు చెల్లించుట, బ్యాంకి లెక్క సరిచూచుకొనుట, ఇవన్నియు ఇట్టి కిటికీలయొద్ద జరుగు పనులే.

ఈ కచేరీ ఉపమానమునే ఇంకొంత దూరము సాగింతము. కిటికీ వెలుపల అర్జీదారుడు నిలిచియుండును. లోపల గుమాస్తా యుండును. ఆయన వెనుక దస్త్రముల గది యుండును. అర్జీదారుని చేతిలో నుండునది బ్రౌజరు, గుమాస్తా సర్వరు, దస్త్రముల గది డేటాబేసు. సర్వరనగా వింత యంత్రమేమియు గాదు. అడిగినవారికి బదులు చెప్పుటకై రాత్రింబవళ్లు ఆపక నడుపబడు కంప్యూటరే. మీరు బ్రౌజరునందు ఒక చిరునామా వ్రాయగానే, మొదట ఆ పేరునకు సరిపడు సంఖ్య వెదకబడును. ఏలయన యంత్రములు ఒకదాని నొకటి సంఖ్యలతోనే గుర్తించుకొనును. పిమ్మట మీ అర్జీ ఆ సంఖ్యగల సర్వరునకు పోవును. సర్వరు దానిని పరీక్షించి, దస్త్రముల గదినుండి కావలసినది తీసి, ఒక పుటగా కూర్చి మీకు పంపును. ఆ పుటను మీ తెరపై చిత్రించుట బ్రౌజరు పని. ఇదియంతయు తఱుచుగా ఒక్క సెకనులోపల ముగియును. ఈ మూడు చోట్ల జరుగవలసిన పనికి కావలసిన ఆజ్ఞలను వ్రాయుటయే మా వృత్తి.

ఈ యేర్పాటునకు మూలపురుషుడు టిమ్ బెర్నర్స్-లీ యను ఆంగ్లేయుడు. జెనీవా నగర సమీపముననున్న సెర్న్ అను భౌతికశాస్త్ర పరిశోధనాలయమున పనిచేయుచు, 1989వ సంవత్సరమున, అచటి శాస్త్రజ్ఞుల కాగితములు ఒకదానితో నొకటి ముడిపడి యుండునట్లు ఒక పద్ధతిని ఆయన సూచించెను. 1991లో అది పరిశోధనాలయము వెలుపలివారికిని అందినది. 1993 ఏప్రిలు 30వ తేదీన, ఆ పద్ధతిని ఎవ్వరైనను రుసుము లేకుండ వాడుకొనవచ్చునని సెర్న్ వారు ప్రకటించిరి. ఆ దినమున వారు వేఱు విధముగ నిశ్చయించియున్నచో, మేము చెప్పబోవు కథ జరిగియుండెడిది కాదని మా యభిప్రాయము. రుసుము చెల్లించి కిటికీ తెఱచు స్తోమత మాకుగాని, మమ్ము పిలిచిన వారికిగాని లేదు. ఆ పిమ్మట 1995లో బ్రెండన్ ఐక్ అను నాతడు బ్రౌజరులోపలనే పనిచేయు జావాస్క్రిప్టు భాషయొక్క మొదటి రూపమును పది దినములలో తయారుచేసెను. ఆ పది దినముల తొందర గుర్తులు నేటికిని ఆ భాషయందు కలవు. వానితో వేగుచునే మేము జీతము తీసికొనుచున్నాము.

ఇక మా కథ. పదవ తరగతి యుత్తీర్ణులై పైచదువులకు పోవు పేదపిల్లలకు ఏటేట విద్యార్థివేతనము లిచ్చు ధర్మసంస్థ యొకటి ఒకానొక జిల్లా కేంద్రమున కలదు. వేసవిలో వారి కార్యాలయమునకు దరఖాస్తులు గోనెసంచులతో వచ్చెడివి. ఒక వృద్ధ గుమాస్తా వానిని ఊరివారీగను, మార్కులవారీగను పేర్చి పెద్ద పుస్తకమున కెక్కించునప్పటికి ఆగస్టు నెల గడచిపోయెడిది. అప్పటికి కాలేజీలలో ఫీజు కట్టు గడువు దాటియుండెడిది. డబ్బు చేతికందుసరికి కొందఱు పిల్లలు చదువు మానుకొని కూలికి పోవుచుండిరి. దరఖాస్తును ఫోనులోనే నింపి పంపునట్లు చేసినచో రెండు నెలలు కలిసివచ్చునని కార్యదర్శిగారు తలంచి మమ్ము పిలిపించిరి. సాయంకాలములయందును ఆదివారములయందును వేతనము లేకయే చేసి యిత్తుమని మేమొప్పుకొంటిమి. మూడు వారములలో ముగియునంటిమి. మూడు నెలలు పట్టినది.

మొదటి తప్పు మొదటి రాత్రియే చేసితిమి. అచ్చుకాగితముపై 14 గళ్లున్నవి గనుక తెరపైనను 14 గళ్లు గీసి, పని సగమైనదని సంతోషించితిమి. ఆ మఱుసటి ఆదివారము గుమాస్తాగారు దానిని చూచి నవ్వి, "గళ్లలో రాసింది చూడకండి బాబూ, గళ్ల పక్కన రాసింది చూడండి" అనుచు పాత సంచి యొకటి విప్పిరి. చూతుము గదా, ఒక పిల్ల తండ్రి పేరు గడిని కొట్టివేసి అమ్మమ్మ పేరు వ్రాసినది. ఒక పిల్లవాడు తన పేరు బడిలో ఒక విధముగను, రేషను కార్డులో మఱియొక విధముగను ఉన్నదని అంచున సంజాయిషీ వ్రాసికొన్నాడు. మఱియొకడు, "మా ఊరు ప్రాజెక్టులో పోయినది, ఇప్పుడు కాలనీలో ఉన్నాము" అని ఊరి పేరు గడి ప్రక్కన వ్రాసినాడు. కాగితమునకు అంచులు కలవు. యంత్రమునకు అంచులు మేము కల్పించిననేగాని యుండవు. అందుచే తండ్రి పేరు గడిని "తండ్రి లేక సంరక్షకుల పేరు" అని మార్చితిమి. అడుగున, "ఇంకను చెప్పవలసిన దేమైన నున్నచో" అని శీర్షిక యిడి వెడల్పాటి గడి యొకటి చేర్చితిమి. మా కట్టడమంతటిలోను మిక్కిలి యుపయోగపడినది ఆ గడియే.

కోడు వ్రాయుటలోని వివరములన్నియు ఇచట చెప్పిన చదువరులకు నిద్రవచ్చును. ఒకటి రెండు మాత్రము చెప్పుదుము. మాలో ఒకరు తెరపై కనబడు భాగమును, ఒకరు సర్వరు భాగమును పంచుకొంటిమి. ఇరువురము వ్రాసినది కలగాపులగము కాకుండుటకు గిట్ అను పనిముట్టును వాడితిమి. ఇది లైనస్ టోర్వాల్డ్స్ 2005లో చేసినది. వ్రాసిన ప్రతి మార్పును, ఎవరు, ఎప్పుడు, ఏమి మార్చిరో పద్దు వేసి యుంచును. నేడు చేసిన మార్పు చెడినచో నిన్నటి స్థితికి పోవచ్చును. వ్యాపారస్థుని చిట్టా వంటిదే, కాని ఇందులో పుట చించుట సులభము కాదు.

తెరపై "పంపుము" అను మీట యున్నదనుకొనుడు. పిల్లవాడు దానిని నొక్కును. నెట్వర్కు మందముగ నుండుటచే ఏమియు కదలదు. మఱల నొక్కును. సర్వరునకు రెండు దరఖాస్తులు చేరును. టిక్కెట్టు కొనుచోట నైన రెండు మాఱులు డబ్బు పోవును. దీనికి విరుగుడు మిక్కిలి సులభము. ఫారము తెఱచినప్పుడే దానికొక టోకెను సంఖ్య యిచ్చి, ఆ సంఖ్యతో ఒక దరఖాస్తు వచ్చిన పిమ్మట, అదే సంఖ్యతో మఱల వచ్చినదానిని క్రొత్తది వ్రాయక, "మీది మాకు చేరినది" అని బదులు చెప్పవలయును. సులభమే గాని, ముందుగా తోచవలెను.

మఱియొకటి. గుమాస్తా తనకు వచ్చిన జాబును బిగ్గరగా చదువుచుండగా, దస్త్రముల గదిలోని బంట్రోతు ఆ మాటలను ఆజ్ఞలుగా భావించి చేయుచుండునని యూహింపుడు. ఎవడైన కొంటెవాడు జాబు నడుమ "పాత కట్టలన్నియు తగులబెట్టుము" అని వ్రాసినచో ఏమగును? అజాగ్రత్తగా కట్టిన అప్లికేషనులలో సరిగా నిట్లే జరుగును. అర్జీదారుడు వ్రాసిన మాటలు డేటాబేసునకు ఇచ్చు ఆజ్ఞలతో కలిసిపోవును. అందుచే ఆజ్ఞను ముందుగా వేఱుగ పంపి, అర్జీదారుని మాటలను కేవలము నింపదగిన సరకుగా పిమ్మట అందింపవలయును. పేరు గడిలో ఎవరేమి వ్రాసినను అది పేరుగానే యుండవలెను, ఆజ్ఞ కారాదు. ఈ విషయమున మాత్రము మేము మొదటినుండియు జాగరూకులమై యుంటిమి. పేరు గడియే మమ్ము మఱియొక ద్వారమున పడగొట్టినది.

కట్టుట యొకటి, తెఱచుట యొకటి. మా బల్లపైనున్న కంప్యూటరులో అప్లికేషను ఎంత చక్కగ నడచినను అది లోకమునకు లేనట్లే. దానిని ఎల్లవేళల నడచు సర్వరుపై నిలుపవలయును. దీనికి నెలకింత యని అద్దె. చిరునామాకు సంవత్సరమున కింత యని రుసుము. నడిదారిలో ఎవరును చదువకుండునట్లు మాటలను మూసి పంపుటకు ఒక ధ్రువపత్రము కావలెను. ఇది లేనిచో మీరు వ్రాసినది పోస్టుకార్డువలె పోవును. ఇది యున్నచో ముద్రవేసిన కవరువలె పోవును. పూర్వము దీనిని కొనుక్కొనవలసి వచ్చెడిది. లెట్స్ ఎన్‌క్రిప్ట్ అను సంస్థవారు 2015 చివరనుండి ఉచితముగ ఇచ్చుటకు మొదలిడిరి. మాకు లభించినదానికి 90 దినములే ఆయువు గనుక, గడువు తీఱకముందే క్రొత్తదానిని యంత్రమే తెచ్చుకొనునట్లు ఏర్పఱచితిమి.

ఒక సోమవారము ఉదయము 10 గంటలకు కిటికీ తెఱచితిమి. పదునైదు దినములు గడువు. ఆ దినము మేమిరువురము ఉద్యోగములకు సెలవుపెట్టి, సర్వరు వ్రాయు దినచర్యా పుస్తకమును చూచుచు కూర్చుంటిమి. ఈ పుస్తకమున ఎవరు వచ్చిరో, ఏమి అడిగిరో, ఏమి బదులు పోయినదో పంక్తి పంక్తిగా పడుచుండును. పది గంటల ఏడు నిమిషములకు మొదటి దరఖాస్తు వచ్చినది. మేము చేతులు కలుపుకొంటిమి.

మధ్యాహ్నమునకు మొదటి ఫిర్యాదు. పుట తెఱచుకొనుటలేదని ఒక మారుమూల గ్రామమునుండి ఒక ఉపాధ్యాయుడు ఫోను చేసెను. కారణము సిగ్గుపడవలసినది. పుట నెత్తిన సంస్థ అధ్యక్షులవారి ఛాయాచిత్రము నుంచితిమి. అది 40 లక్షల బైట్ల బరువు. బైటున కెనిమిది బిట్లు గనుక 320 లక్షల బిట్లు. సెకనుకు లక్ష బిట్లు మాత్రమే అందుచోట ఆ చిత్రము దిగుటకే 5 నిమిషముల 20 సెకనులు కావలెను. నగరమున మా ఫోనులలో అది రెప్పపాటున వచ్చుచుండెను గనుక మాకు తెలియనే లేదు. అధ్యక్షులవారి అనుమతితో దానిని 60 వేల బైట్లకు కుదించితిమి. అదే గ్రామమున ఇప్పుడు 5 సెకనులలో దిగినది. చిత్రములో అధ్యక్షులవారికి ఏ లోపమును కలుగలేదు.

గడువునకు ఒక దినము ముందు గుమాస్తాగారు ఫోను చేసిరి. ఒక తండ్రి తన కుమార్తెను వెంటబెట్టుకొని, రెండు బస్సులు మాఱి, కార్యాలయమునకు వచ్చెను. నాలుగు దినములనుండి ఆ పిల్ల దరఖాస్తు పంప ప్రయత్నించుచున్నది. పేరు గడివద్దనే ఆగిపోవుచున్నది. ఎఱ్ఱ అక్షరములతో "పేరు తప్పు" అని వచ్చుచున్నది. గుమాస్తాగారు ఫోనును ఆ తండ్రి చేతికిచ్చిరి. ఆయన కోపపడలేదు. "పుట్టినప్పటినుంచి పిలుచుకుంటున్న పేరు బాబూ. తప్పని ఎలా అంటాదండి?" అనెను. మాకు నోట మాట రాలేదు.

ఏమి జరిగినదో చెప్పుదుము. ఇది తెలుగు చదువు ప్రతివారును తెలిసికొనదగినది. కంప్యూటరు అక్షరములను ఎఱుగదు, సంఖ్యలనే యెఱుగును. లోకములోని లిపులన్నిటికిని సంఖ్యలు కేటాయించు పట్టికకు యూనికోడ్ అని పేరు. 1991లో వెలువడిన మొదటి కూర్పునందే తెలుగునకు 128 స్థానముల గది యేర్పడినది. ఆ సంఖ్యలను బైట్లుగా వ్రాయు పద్ధతులలో ఇప్పుడు వెబ్బునందు ఎక్కువ వాడుకలో నున్నది యూటీఎఫ్-8. దీనిని 1992లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ అనువారు అమెరికాలో ఒక భోజనశాలయందు కూర్చుండి, కంచము క్రింద పఱచు కాగితముపై గీసి రూపొందించిరి. ఈ పద్ధతిలో ఇంగ్లీషు అక్షరమునకు ఒక బైటు. తెలుగు సంకేతమునకు మూడు బైట్లు.

ఇప్పుడు "లక్ష్మి" యను పేరు చూడుడు. కంటికి రెండక్షరములు. కాని యూనికోడ్ లెక్కలో ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి అని ఏడు సంకేతములు. ఒక్కొక్కటికి మూడు చొప్పున 21 బైట్లు. అదే పేరు ఇంగ్లీషున వ్రాసిన 7 బైట్లే. మాలో సర్వరు భాగము వ్రాసిన వాడు పేరు గడికి 64 బైట్ల పరిమితి విధించెను. ఎవరైన గ్రంథమంత వ్రాసి పంపకుండుటకు పరిమితి అవసరమే. 64 ఏల యన్న, ఆఱు రెండులను హెచ్చించిన 64 వచ్చును గనుక, అది మా వృత్తివారికి చేతివాటపు సంఖ్య. అంతకు మించి ఆలోచన లేదు. ఇంగ్లీషు పేరునకు అది ధారాళము. తెలుగు పేరునకు 21 సంకేతములు నిండగనే గడి నిండిపోవును. ఇంటిపేరు ముందు వ్రాసికొని, ముత్తవ తల్లి పేరును ఇలవేల్పు పేరును కలుపుకొన్న పిల్లలు మన యూళ్లలో ఎందఱు లేరు!

ఏల ముందుగ తెలియలేదు? మేము పరీక్షించునప్పుడెల్ల మా పొట్టిపేర్లను ఇంగ్లీషు అక్షరములతో వ్రాసి పరీక్షించితిమి. తెలుగు పిల్లలకొఱకు తెలుగులో కట్టిన కిటికీని తెలుగున పరీక్షింపలేదు. పైగా "పరిమితి మించినది" అని చెప్పవలసినచోట "తప్పు" అని వ్రాయించితిమి. దిద్దవలసిన కోడు రెండు పంక్తులే. బైట్లకు బదులు సంకేతములను లెక్కించి, పరిమితిని 200 చేసితిమి. వ్రాయుటకు పావుగంట పట్టినది. అయితే వ్రాసినదానిని తిన్నగా తీసికొనిపోయి నడచుచున్న సర్వరుపై పెట్టుట ప్రమాదకరము. మొదట అచ్చముగ అట్టిదే యగు మాఱుప్రతిపై నడపి చూచితిమి. గుమాస్తాగారు పాతసంచులనుండి పొడుగాటి పేర్లు ఏఱి ఫోనులో చదువుచుండగా ఒక్కొక్కటి వ్రాసి చూచితిమి. డేటాబేసునకు నకలు తీసి భద్రపఱచితిమి. రాత్రి 11 గంటలకు, రాకపోకలు తగ్గిన పిమ్మట, క్రొత్త ప్రతిని నిలిపితిమి. ఆ పిల్ల మఱునాడుదయము తన పేరు పూర్తిగా వ్రాసి దరఖాస్తు పంపుకొన్నది.

కాని ఆమె ఒక్కతెయేనా? దినచర్యా పుస్తకమును తిరుగవేసితిమి. ఆ పదునాలుగు దినములలోను "పేరు తప్పు" అను పంక్తులు పెక్కు కనబడినవి. మా కనులముందే పడినవి, మేము వానిని అక్షరదోషములనుకొని చూడకుండ విడిచినవి. ఆ పంక్తులలో వేళ మాత్రమే కలదు. తిరస్కరింపబడిన పేరుగాని, ఫోను సంఖ్యగాని దాచియుంచలేదు. పిలుచుటకు దారి లేదు. కార్యదర్శిగారితో జరిగినది దాచక చెప్పి, గడువును ఒక వారము పొడిగింప వేడుకొంటిమి. వారు మమ్ము మందలింపలేదు. పొడిగించి, హైస్కూళ్లకెల్ల ఫోను చేయించిరి. ఆ వారమున చాల దరఖాస్తులు క్రొత్తగా వచ్చినవి. తమ పేరే తప్పని నమ్మి, మఱల ప్రయత్నింపక యూరకున్నవా రెందఱో, వారేమైరో మాకు తెలియదు. ఆ సంగతి ఇప్పటికిని మా మనస్సులలో మెదలుచునే యున్నది.

పెద్ద కంపెనీలకును ఇట్టివి తప్పలేదు. 2018 ఫిబ్రవరిలో, "జ్ఞా" యను అక్షరముతో ముడిపడిన ఒకానొక తెలుగు సంకేతముల కూర్పు సందేశముగ వచ్చినంతనే ఐఫోనులలోని అప్లికేషనులు కూలిపోవుచుండెను. సంకేతముల నడుమ కంటికి కనబడని గుర్తొకటి చేఱుటయు, ఆ ముడిని ఫోను విప్పలేకపోవుటయు అందుకు కారణములు. ఆపిల్ కంపెనీవారు ఆ నెల 19వ తేదీన దిద్దుబాటు విడుదల చేసిరి. జ్ఞానమునకు మొదటి అక్షరమే వారిని తికమక పెట్టుట మాకు కొంత నవ్వు తెప్పించినను, మా 64 బైట్ల గడి జ్ఞప్తికి వచ్చి ఆ నవ్వు నిలువలేదు.

తెఱచుట అనునది ఎంత కష్టమో తెలుపు ఉదాహరణము ఇంకొకటి కలదు. 2013 అక్టోబరు 1వ తేదీన అమెరికా కేంద్రప్రభుత్వమువారు, ప్రజలు ఆరోగ్యభీమా ఎంచుకొని కొనుటకై హెల్త్‌కేర్ డాట్ గవ్ అను కిటికీని తెఱచిరి. జనము విరుచుకొనిపడిరి. ఆ మొదటి దినమున నమోదును కడముట్టించుకొనగలిగినవారు ఆఱుగురే యని తరువాత బయల్పడిన ప్రభుత్వ కాగితములవలన తెలిసినది. ధనము లేకనా? నిపుణులు లేకనా? రెండును కలవు. పని పెక్కుమంది గుత్తదారులకు పంచబడినది. ఒక్కొక్కరు తమ భాగమును చూచుకొనిరి గాని, మొదటినుండి తుదివఱకు మొత్తమును నడపి చూచుట చాలినంతగా జరుగలేదు. పైగా, భీమా ధరలు చూడగోరిన ప్రతివాడును మొదట ఖాతా తెఱవవలసి యుండుటచే, కొనగోరువారును ఊరక చూడవచ్చినవారును ఒకే ఇఱుకు ద్వారముకడ గుమిగూడిరి. తరువాతి రెండు నెలలలో దానిని మరమ్మతు చేయగలిగిరి. ఆ చలికాలముననే లక్షలకొలది జనము దానిద్వారా భీమా పొందిరి. మా చిన్న కిటికీకి అంత జనము రారు. అయినను ఈ కథ చదివిన పిమ్మట, అర్హతా నియమములను చదువు పుటకు మేము ఏ ఖాతాయు అవసరము లేకుండ చేసితిమి.

తలిదండ్రులు కొందఱు, ఇట్టి యంత్రములవలన గుమాస్తాల యుద్యోగములు పోవునేమో యని అడుగుదురు. కొన్నిచోట్ల పోయినమాట నిజము. మా కథలోని గుమాస్తాగారు మాత్రము ఇప్పుడు పుస్తకమున కెక్కించు పని మాని, సగము నింపి విడిచిన దరఖాస్తుల జాబితా ముందు పెట్టుకొని, ఆ పిల్లలకు ఫోను చేయుచుందురు. ఆయన కంఠము వినినవారు నింపక మానరు. విద్యార్థివేతనములు ఇప్పుడు జూలై మాసముననే పిల్లలకు అందుచున్నవి.

విద్యార్థులు కొందఱు, ఈ పని నేర్చుటకు ఏమి కావలెనని మాకు జాబులు వ్రాసినారు. కంప్యూటరు బ్రౌజరులో ఏ పుటనైనను తెఱచి, దాని వెనుక వ్రాసియున్న మూలమును చూడవచ్చును. దానికి ఎవరి అనుమతియు అక్కఱలేదు, ఖర్చును లేదు. పాఠశాల కంప్యూటరు గదిలో ఆ పని నేడే చేయవచ్చును. మొదట హెచ్‌టీఎంఎల్ అను పుటల భాషను నేర్చి, మీ తరగతి పేర్ల పట్టికను ఒక పుటగా వ్రాయుడు. తెలుగులోనే వ్రాయుడు. గణితము బాగుగ రానివారు భయపడ నక్కఱలేదు. మాలో ఒకరికి పదవ తరగతిలో గణితమున వచ్చిన మార్కులు ఈ పాఠశాల రికార్డులలో ఇప్పటికిని ఉండవచ్చును, వానిని ఎవరును వెదకకుందురుగాక.

వచ్చు వేసవికి ఆ కిటికీని మఱల తెఱవవలసియున్నది. ప్రతి మార్పునకు ముందు యంత్రమే తనంతట తాను నడపి చూచుకొను పరీక్షల పట్టిక యొకటి ఇప్పుడు మాకు కలదు. అందులో మొదటి పేరు మేము కల్పించినది: కోట వేంకట లక్ష్మీ నరసమ్మ. ఇంగ్లీషున 30 బైట్లు, కంటికి పదునొకండు అక్షరములు, తెలుగున సరిగా 66 బైట్లు. ఆ పేరు గడి దాటినగాని మఱియే మార్పును సర్వరుపైకి పోదు.